మంచు కింద నాచు, మన పళ్లెంలో చేప

పోయిన సంచికలో సముద్రంలో కలిసే లోహాల గురించి రాస్తూ, ధ్రువాల దగ్గరి పాదరసం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. విశాఖ పాఠకులు ఊరుకోలేదు. వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇవి జవాబులు.

ఇంటర్ బైపీసీ విద్యార్థి, గాజువాక: మేడమ్, ఉత్తర ధ్రువంలో తెల్ల ఎలుగుబంట్ల ఒంట్లో పాదరసం ఉందనీ, అది మంచు కింద పెరిగే నాచు నుంచి మొదలవుతుందనీ రాశారు. అక్కడ ఫ్యాక్టరీలు, గనులు లేవు కదా, పాదరసం ఎలా చేరింది? పైగా ఎలుగుబంటి నాచు తినదు కదా?

బాబూ, గనులు అసలే లేవనకు, సైబీరియాలో నోరిల్స్క్ అనే గనుల ఊరు ఉంది. అయినా నీ అనుమానం సబబే. ఆ జంతువుల ఒంట్లో ఉన్న పాదరసంలో చాలా భాగం ఎక్కడో దక్షిణాన పుట్టి, గాలిలో ప్రయాణం చేసి వెళ్లింది.

పాదరసం లోహమే అయినా మామూలు వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరి దేనితోనూ తొందరగా కలవదు, నీళ్లలో సరిగ్గా కరగదు, అందుకని వానకి కొట్టుకుపోదు. నెలల తరబడి గాలిలోనే ఉండి భూమిని చుట్టి వస్తుంది. బొగ్గులో పాదరసం లేశమాత్రంగా ఉంటుంది. బాయిలర్‌లో బొగ్గు మండితే అది ఆవిరై పొగగొట్టం దారి పడుతుంది. మీ గాజువాక నుంచి పరవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం ఎంతో దూరం కాదు, బొగ్గు గుట్టలు నువ్వు చూసే ఉంటావు. అయితే ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం బొగ్గుది కాదు, బంగారానిది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018 నివేదిక ప్రకారం, 2015లో మనుషుల పనుల వల్ల గాలిలోకి వెళ్లిన పాదరసం సుమారు 2,200 టన్నులు. అందులో 38 శాతం దాకా చిన్నకారు బంగారు గనులదే. దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఇండోనేషియాలో ముడిఖనిజంలో పాదరసం పోసి బంగారాన్ని పట్టుకుంటారు. తర్వాత ఆ ముద్దని కాల్చి పాదరసాన్ని ఎగరగొడతారు. పక్కన కూర్చున్న వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లినంత వెళ్తుంది, మిగిలింది గాలిపాలు.

ఇక ధ్రువం దగ్గర జరిగే విచిత్రం చూడు. శీతకాలమంతా అక్కడ చీకటి. మార్చి ప్రాంతంలో సూర్యుడు మళ్లీ పొడుస్తాడు. గడ్డకట్టిన సముద్రం మీది హిమంలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పులో బ్రోమిన్ ఉంటుంది. ఎండ తగిలేసరికి బ్రోమిన్ చురుకై గాలిలోని పాదరసంతో చర్య జరుపుతుంది. అంతవరకూ దేనికీ అంటకుండా తిరిగిన పాదరసం అంటుకునే రూపంలోకి మారి మంచు మీద రాలుతుంది. కెనడా ఉత్తర కొసన అలర్ట్ అనే స్థావరం ఉంది. అక్కడి గాలిలో పాదరసం వసంతంలో ఉన్నట్టుండి దాదాపు మాయమవడం, మళ్లీ కనబడడం 1995లో గమనించారు. 1998లో ఆ ఫలితం అచ్చయింది. తర్వాత అంటార్కిటికాలోనూ ఇదే చూశారు. రాలినదంతా అక్కడే ఉండిపోదు. చాలా భాగం ఎండకి తిరిగి ఆవిరైపోతుంది. మిగిలింది మంచు కరిగినప్పుడు నీటిలోకి దిగుతుంది. దీనికి తోడు టండ్రా నేలలోని మొక్కలూ పాచీ గాలిలోంచి నేరుగా పీల్చుకున్న పాదరసాన్ని లీనా, యెనిసీ, మెకంజీ లాంటి నదులు మట్టితో పాటు సముద్రంలోకి మోసుకొస్తాయి.

నాచు దగ్గరికి వద్దాం. నాకు ఈ కథలో ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ రాస్తే విసుక్కోకు. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గట్టిపడుతూ తనలోని ఉప్పుని బయటికి నెట్టేస్తుంది. పూర్తిగా బయటికి పోలేని చిక్కటి ఉప్పునీరు మంచులోనే సన్నని గొట్టాల్లో, గదుల్లో నిలిచిపోతుంది. పెనం మీద సరిగ్గా కాలిన అట్టుకి ఎన్ని కన్నాలు ఉంటాయో ఆ మంచు అడుగుకి అన్ని ఉంటాయి. ఆ కన్నాల్లో డయాటమ్‌లు కాపురం పెడతాయి. ఇసుకలోని పదార్థంతోనే పెంకు కట్టుకునే ఏకకణ జీవులవి. వసంతంలో వెలుతురు మంచులోంచి కొద్దికొద్దిగా దిగగానే పెరిగి, మంచు అడుగున కొన్ని సెంటీమీటర్ల మేర గోధుమ రంగుకి తిప్పేస్తాయి. మెలోసిరా ఆర్కిటికా అనే రకం మంచుకి వేలాడుతూ మీటర్ల పొడవున తీగలు సాగుతుంది. 2012 వేసవిలో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధన నౌక వెళ్లినప్పుడు, ఈ తీగలు కరిగే మంచు నుంచి ఊడి 4,000 మీటర్ల లోతున సముద్రం అడుగున ముద్దలుగా పడి ఉండడం చూశారు.

మంచు లేనిచోట నీటిలో నాచు ఇంకా మొలవక ముందే ఇది సిద్ధం. అంటే ఆ సముద్రానికి ఏడాదిలో మొదటి భోజనం ఇదే. ధ్రువానికి దగ్గరగా ఉన్న మధ్య భాగంలో కొన్నిచోట్ల మొత్తం నాచు ఉత్పత్తిలో సగానికి పైగా మంచుదేనని లెక్కగట్టారు.

ఇప్పుడు పాదరసం. లీటరు సముద్రపు నీటిలో అది నానోగ్రాములో పదో వంతుల లెక్కన ఉంటుంది, నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. దీన్ని కొలవడం ఎంత తలనొప్పో ఉద్యోగంలో ఉండగా పడ్డవాళ్లకి తెలుస్తుంది. గాజులు, ఉంగరం తీసి, గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకుని, ఆమ్లంలో నానబెట్టి కడిగిన సీసాని సంచి మీద సంచిలో పెట్టుకుని వెళ్లేవాళ్లం. పంటికి వెండి రంగు సిమెంట్ పెట్టించుకున్న వాళ్లని నమూనా దగ్గర ఊపిరి వదలనిచ్చేదాన్ని కాదు, అందులో సగం పాదరసమే ఉంటుంది మరి. పాతకాలపు లెక్కలు చాలావాటిలో సముద్రంలో ఉన్న పాదరసం కన్నా కొలిచేవాళ్ల చేతుల్లోంచి వచ్చిందే ఎక్కువ.

అంత పలచగా ఉన్నది నాచు కణంలో పదివేల రెట్ల నుంచి లక్ష రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చిక్కబడుతుంది. ఆ తర్వాత తినేవాడి నుంచి తినేవాడికి మెట్టు మెట్టుకీ కొన్ని రెట్లే పెరుగుతుంది. అంటే మొత్తం ప్రయాణంలో అతి పెద్ద గెంతు ఆ మొదటి మెట్టు దగ్గరే పడిపోతుంది. తెల్ల ఎలుగుబంటి బొమ్మ వేసి పాదరసం గురించి రాసేవాళ్లంతా ఈ మొదటి మెట్టుని ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకు అదే కోపం.

పాదరసంలో రెండు రకాలు పట్టించుకోవాలి. ఒకటి అకర్బన పాదరసం, రెండోది దానికి కార్బన్ గుంపు తగిలించుకున్న మిథైల్ పాదరసం. ఆ గుంపుని తగిలించేవి కొన్ని రకాల బ్యాక్టీరియా. ఆ పని చేయించే రెండు జన్యువుల్ని 2013లో పట్టుకున్నారు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనం అంటార్కిటికా సముద్రపు మంచులోనే అలాంటి పని చేయగల బ్యాక్టీరియా జాడ ఉందని చెప్పింది. డయాటమ్ రెండు రకాల్నీ లోపలికి తీసుకుంటుంది. కానీ అకర్బన పాదరసం ఎక్కువగా కణం గోడకీ పొరకీ అంటుకుని ఉండిపోతుంది. మిథైల్ పాదరసం కణం లోపలి రసంలోకి వెళ్తుంది. ఆ డయాటమ్‌ని కోపెపాడ్ అనే బియ్యపుగింజంత జీవి తింటే, రసం ఒంటికి పడుతుంది, గోడలు విసర్జనలో పోతాయి. అందుకే మెట్లెక్కేది మిథైల్ రకమే. 1990ల్లో ప్రయోగశాలలో డయాటమ్‌లని పెంచి, కోపెపాడ్‌లకి మేపి ఈ తేడా తేల్చారు. ఇంత సాదా ప్రయోగంతో ఇంత పెద్ద చిక్కుముడి విప్పిన వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇక నీ రెండో ప్రశ్న. ఎలుగుబంటి నాచు తినదు, నిజమే. కోపెపాడ్‌లూ, మంచు అడుగున తిరిగే రొయ్య లాంటి యాంఫిపాడ్‌లూ నాచుని తింటాయి. వాటిని పోలార్ కాడ్ అనే చిన్న చేప తింటుంది. దాన్ని రింగ్డ్ సీల్, సీల్‌ని ఎలుగుబంటి. దక్షిణ ధ్రువం వైపు అయితే చలికాలంలో క్రిల్ పిల్లలు మంచు అడుగున నాచు గీరుకుని బతుకుతాయి, వాటి మీద పెంగ్విన్‌లూ సీల్‌లూ తిమింగలాలూ. పాత ఎముకలు, పళ్లు, వెంట్రుకలు, మ్యూజియంలలో దాచిన పక్షి ఈకలు పరీక్షించి చూస్తే, ఉత్తర ధ్రువ ప్రాంతపు సముద్ర జంతువుల్లో పాదరసం గత 150 ఏళ్లలో సుమారు పది రెట్లు పెరిగిందని తేలింది. వాటిని వేటాడి తినే ఇన్యూట్ ప్రజలకి అది పక్క ఊరి వార్త కాదు, రోజూ తినే కూడు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం ఇక మనుషులు తినదగింది కాదని 2008లో అక్కడి వైద్యాధికారులే చెప్పాల్సి వచ్చింది.

అదే విద్యార్థి, ఉత్తరం వెనకవైపు: మంచు కరిగిపోతే నాచు పోతుంది కాబట్టి పాదరసం కూడా తగ్గుతుందా?

తెలివైన ప్రశ్న, కానీ లెక్క ఒకవైపే నడవదు. ఏళ్ల తరబడి నిలిచిన పాత మంచు పోయి ఏడాది మంచు, అంటే ఆ ఏడు కట్టిన మంచు, ఎక్కువైతే, ఏడాది మంచులో ఉప్పు ఎక్కువ కాబట్టి బ్రోమిన్ ఎక్కువ, పాదరసం రాలడానికి దారి ఎక్కువ. అసలు మంచే లేకపోతే నీటిలోంచి పాదరసం గాలిలోకి తేలిగ్గా పోతుంది, ఎండ నేరుగా పడి మిథైల్ రకాన్ని కొంత విరగ్గొడుతుంది. మరోవైపు శాశ్వతంగా గడ్డకట్టి ఉన్న నేల కరిగితే అందులో వేల ఏళ్లుగా దాగిన పాదరసం నదుల్లో పడుతుంది.

జంతువు ఏం తింటోందన్నది వీటన్నిటినీ తలకిందులు చేయగలదు. అలాస్కా పక్కన దక్షిణ బ్యూఫోర్ట్ సముద్రపు ఎలుగుబంట్లలో 2004 నుంచి 2011 మధ్య పాదరసం తగ్గింది. గాలి బాగుపడి కాదు. మంచు తగ్గి ఒడ్డుకి చేరిన ఎలుగుబంట్లు సీల్‌లకి బదులు, వేటగాళ్లు వదిలేసిన బోహెడ్ తిమింగలాల కళేబరాలు తిన్నాయి. బోహెడ్ ఎంత పెద్దదైనా తినేది కోపెపాడ్‌ల లాంటి చిన్న జీవుల్నే, కింది మెట్టు మీదే ఉంటుంది. బైపీసీ తర్వాత ఇటువైపు వస్తానంటే సంతోషం. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మన దేశానికి 2008 నుంచి హిమాద్రి స్థావరం ఉంది. దాన్ని నడిపే సంస్థ గోవాలో ఉంది. సముద్ర శాస్త్రం చదవడానికి నువ్వు గోవా దాకా కూడా పోనక్కర్లేదు, ఆంధ్ర యూనివర్సిటీ ఉంది.

ఓ గృహిణి, పెదవాల్తేరు: అమ్మాయికి పురుడు పోసి మూడో వారం. పాలు బాగా పడతాయని వాళ్ల అత్తగారు పాలసొర పులుసు, సొరపిట్టు పెట్టమంటున్నారు. మీరు రాసింది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. వద్దంటే వియ్యపురాలు ఏమనుకుంటారో.

వదినగారూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇప్పటిదాకా పెట్టిన ఒకటి రెండు సార్ల వల్ల ఏమీ మునిగిపోదు. తల్లి ఒంట్లోని మిథైల్ పాదరసం బిడ్డకి ఎక్కువగా చేరేది కడుపులో ఉన్నప్పుడు. బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తం కన్నా సుమారు 1.7 రెట్లు ఉంటుంది. తల్లిపాలలోకి వచ్చేది దానితో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి పాలు ఆపే ఆలోచన మటుకు పెట్టుకోకండి.

అయినా సొర విషయంలో నేను మొహమాటపడను. సొర చేపని తినే చేప, ఎక్కువ ఏళ్లు బతికే చేప. లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం వారానికి కిలో ఒంటిబరువుకి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం దాటొద్దంది. మీ అమ్మాయి 60 కిలోలనుకుంటే వారానికి 96 మైక్రోగ్రాములు. అమెరికా ఆహార ఔషధ సంస్థ పరీక్షల్లో సొర మాంసంలో సగటున కిలోకి ఒక మిల్లీగ్రాము, అంటే వెయ్యి మైక్రోగ్రాముల పాదరసం తేలింది, దాదాపు అంతా మిథైల్ రకమే. అంటే వంద గ్రాముల ముక్కతో వారం కోటా అయిపోయినట్టు. అదే సంస్థ లెక్కలో కవళ్ల జాతి చేపల సగటు కిలోకి 0.013 మిల్లీగ్రాములు, అంటే 13 మైక్రోగ్రాములు. ఆ కోటా దాటాలంటే వారంలో ఏడు కిలోలు తినాలి, బాలింత కాదు కదా ఇంటిల్లిపాదీ తినలేరు.

పాలసొర చిన్న జాతి. పెద్ద సొరల మీద దానిలో తక్కువే ఉంటుందనుకోవాలి. కానీ బజారులో సొర ముక్కలు కోసి అమ్మేటప్పుడు అది ఏ సొరో, తల ఎంత ఉండేదో మీకెవరు చూపిస్తారు? చింతపండు పులుసులో ఎంత మరిగినా, పిట్టు చేసి ఎంత వేయించినా పాదరసం పోదు. అది కొవ్వులో కాదు, కండలోని మాంసకృత్తులకి పట్టుకుని ఉంటుంది. ఇక పాలు పడడం అంటారా, బిడ్డని మాటిమాటికీ రొమ్ముకి పట్టిస్తే పడతాయి.

వియ్యపురాలికి వద్దని చెప్పకండి, బదులు చెప్పండి. నెత్తళ్లు వేపుడు, కవళ్లు పులుసు, కానాగంతలు పెట్టండి. పిల్లల మెదడుకి పనికొచ్చే ఒమేగా కొవ్వులు వాటిలో దండిగా ఉంటాయి, ధరా తక్కువే. వెల్లుల్లి, మెంతులు ఆవిడ చెప్పినట్టే వెయ్యండి, సంతోషిస్తారు. ఒక మాట మటుకు అమ్మాయి చెవిన వెయ్యండి: మిథైల్ పాదరసం ఒంట్లో సగానికి తగ్గడానికి యాభై రోజుల పైచిలుకు పడుతుంది. మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు సొర మానడం ఆర్నెల్ల ముందే మొదలుపెట్టాలి. నెల తప్పాక మానితే ఆలస్యమే.

ఓ బోటు యజమాని, పెదజాలారిపేట: ధ్రువాల్లో మంచు కరిగి ఆ పాదరసం బంగాళాఖాతానికి వస్తుందట, వంజరం కొనొద్దని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. వేట నిషేధం అయ్యాక మొదటి నెలే ఇలా చేస్తే మేం ఏం తినాలమ్మా?

అన్నయ్యా, ఆ మెసేజ్ రాసినవాడికి సముద్రం అంటే పంపు నీళ్ల ట్యాంకు. ధ్రువం మంచు కరిగి మీ వలలో చేపకి పాదరసం ఎక్కదు. గాలి మటుకు అందరికీ ఒకటే, మెట్ల వరస అన్ని సముద్రాల్లోనూ ఒకటే. మన దగ్గరా నాచు ఉంది, నాచుని తినే పురుగు ఉంది, దాన్ని తినే నెత్తళ్లు, కవళ్లు, వాటిని తరిమి తినే వంజరం. సముద్రాల్లో మిథైల్ పాదరసం ఎక్కువగా కనబడేది ఆక్సిజన్ తక్కువగా ఉండే లోపలి పొరల్లో. అందుకే లోతుకి దిగి వేటాడే పెద్ద కళ్ల ట్యూనా, కత్తి చేపలాంటి వాటిలో పైపైన తిరిగే చేపల కన్నా ఎక్కువ ఉంటుంది. హవాయి దగ్గర చేపల్ని లోతు వారీగా పరీక్షించి ఇది చూపించారు.

మీ వంజరం మధ్యరకం. దాని అట్లాంటిక్ దాయాది కింగ్ మాకెరల్‌ని గర్భిణులు తినొద్దని అమెరికాలో జాబితాలో పెట్టారు. అది వేరే జాతి, వేరే సముద్రం. ఆ జాబితాని మన వంజరానికి అంటగట్టి భయపెట్టడం అన్యాయం. అయితే మీకూ ఒకటి చెప్పాలి. ఒకే జాతిలో ముదురు చేపలో పాదరసం ఎక్కువ, లేత చేపలో తక్కువ. కడుపుతో ఉన్నవాళ్లూ చిన్నపిల్లలూ ఉన్న ఇంటికి పది కిలోల చేప ముక్క కాకుండా రెండు కిలోల చేప ఇవ్వండి. మిగతావాళ్లు వారానికోసారి వంజరం వేపుడు నిశ్చింతగా తినొచ్చు. నేనూ తింటున్నాను. ధర తగ్గిస్తే ఇంకా తింటాను.

విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార: మనవడు పాత థర్మామీటర్ పగలగొట్టాడు. గచ్చు మీద గోళీల్లా దొర్లిన పాదరసాన్ని చీపురుతో ఊడ్చేశాం. ప్రమాదమా?

థర్మామీటర్‌లో ఉండేది గ్రాము అటూ ఇటూ. మింగినా పేగులు దాన్ని పెద్దగా పీల్చుకోవు. భయపడాల్సింది ఆవిరికి. చీపురు వాడకుండా ఉండాల్సింది, అది బొట్టుని వంద బొట్లు చేసి మూలలకి తోస్తుంది. ఇప్పుడు ఆ గది కిటికీలు తెరిచి, తలుపు మూసి, పిల్లాణ్ని ఒకటి రెండు రోజులు అటు పోనివ్వకండి. చీకట్లో టార్చ్ లైటు నేల వారగా వేస్తే మిగిలిన బొట్లు మెరుస్తాయి. గట్టి అట్టముక్కతో దగ్గరికి తోసి, సన్నవాటిని అంటుకునే టేపుతో ఎత్తండి. అన్నిటినీ మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి, చీపురుని కూడా కవరులో కట్టి బయట పెట్టండి. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, సింకులో పోయొద్దు. సీసాని మామూలు చెత్తబండిలో వేయకుండా, ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడ తీసుకుంటారో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లని అడిగి అక్కడ ఇవ్వండి. ఇంట్లో ఇంకో పాత థర్మామీటర్ ఉంటే దాన్నీ అప్పుడే ఇచ్చేసి డిజిటల్‌ది కొనుక్కోండి.